తలకెక్కని కిరీటాలు

2013 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్‌లోని నియూవె కెర్క్ చర్చిలో విలెమ్ అలెగ్జాండర్ నెదర్లాండ్స్ రాజయ్యాడు. ఆయన దగ్గర్లో ఒక బల్ల. దాని మీద కిరీటం, రాజదండం, గోళం, పక్కనే రాజ్యాంగం ప్రతి. రాజు లేచి ప్రమాణం చేశాడు. పార్లమెంటు సభ్యులు పేరు పిలిచినప్పుడల్లా ఒక్కొక్కరుగా లేచి మాట ఇచ్చారు. కార్యక్రమం అయిపోయింది. కిరీటం మొదటి నుంచి చివరి దాకా బల్ల మీదే ఉంది.

దగ్గరికెళ్లి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 1840లో చేసిన ఆ కిరీటం వెండిది, పైన బంగారు పూత. ముత్యాల్లా కనిపించేవి చేప పొలుసుల మెరుపు అద్దిన నకిలీలు. ఎర్రగా, నీలంగా తళుక్కుమనేవి వెనక రేకు పెట్టిన రంగు గాజు ముక్కలు. మన పెళ్లిళ్లలో వన్‌గ్రామ్ గోల్డ్ సెట్టు లాంటిదన్నమాట. ప్రపంచ వ్యాపారాన్ని ఏలిన దేశానికి నాలుగు అసలు రాళ్లు దొరక్క కాదు. ఆ కిరీటం ఎవరి తల మీదికీ ఎక్కాల్సిన పని లేదు కాబట్టి సరిపెట్టుకున్నారు.

యూరప్ కిరీటాలను నగలుగా చూస్తే ఇలాంటివి వింతగా అనిపిస్తాయి. దస్తావేజులుగా చూస్తే చాలా చిక్కుముడులు విడిపోతాయి. పొలం మీద తగాదా ఉన్నంత కాలం పట్టా కాగితం బీరువాలో, బట్టల మడతల కింద భద్రంగా ఉంటుంది. దాని కోసం కోర్టులకెక్కుతారు, అన్నదమ్ములు విడిపోతారు. తగాదా తీరిపోయాక అదే కాగితం ఫ్రేము కట్టి గోడకు తగిలించినా ఎవరూ పట్టించుకోరు. రాజెవరన్నది కొట్లాటగా ఉన్న చోట కిరీటం కోసం ప్రాణాలు పోయాయి. రాజ్యాంగం వచ్చి ఆ సంగతి తేల్చేసిన చోట అది తల దిగి దిండు మీదికి చేరింది.

ఈ పట్టింపు ఎంత ముదిరిందో చూడాలంటే హంగరీ చరిత్ర తిరగేయాలి. మధ్యయుగాల్లో అక్కడ రాజు కావాలంటే మూడు కుదరాలి. పెట్టే కిరీటం హంగరీ తొలి రాజు సెయింట్ స్టీఫెన్‌దే అయివుండాలి, పెట్టేది ఎస్టెర్‌గోమ్ ఆర్చ్‌బిషప్పే అయివుండాలి, జరిగే చోటు సేకెష్‌ఫెహేర్‌వార్ పట్టణమే అయివుండాలి. ఒరిజినల్ పత్రం, సంతకం పెట్టే అధికారి, ఆ పరిధిలోని ఆఫీసు. ఒక్కటి తగ్గినా రిజిస్ట్రేషన్ చెల్లదు. చార్లెస్ రాబర్ట్ అనే రాజు 1301లో ఒకసారి, 1309లో ఇంకోసారి వేరే కిరీటాలతో పని కానిచ్చుకున్నాడు. దేశం ఒప్పుకోలేదు. అసలుది ట్రాన్సిల్వేనియా పాలకుడు దాచిపెట్టుకున్నాడు. దాన్ని విడిపించుకుని 1310లో మూడోసారి నెత్తిన పెట్టించుకున్నాక గానీ ఆయన రాజని అందరూ అనలేదు.

1440లో జరిగింది ఇంకా విచిత్రం. అంతకు కొద్ది నెలల ముందే రాజు ఆల్బర్ట్ చనిపోయాడు. రాణి ఎలిజబెత్ నిండు గర్భిణి. దేశంలోని పెద్దలేమో పోలండ్ రాజును పిలిచి గద్దె ఎక్కిద్దామని చూస్తున్నారు. పుట్టబోయే బిడ్డకు హక్కు మిగలాలంటే కిరీటం తన చేతిలో ఉండాలని రాణి గ్రహించింది. ఆ పని హెలెనె కొట్టానెర్ అనే తన పరిచారికకు అప్పగించింది. ఫిబ్రవరి చలిలో, వైషెగ్రాడ్ కోటలో, ఒక రాత్రంతా తాళాలు ఆకురాయితో కోయించి ఆమె కిరీటాన్ని బయటికి తీయించింది. ఎర్ర వెల్వెట్ దిండు విప్పి, కొంత ఈక తీసేసి, లోపల కిరీటం పెట్టి, మళ్లీ కుట్టేశారు. ఆ దిండుతోనే బండెక్కి, గడ్డకట్టిన డాన్యూబ్ దాటి రాణి దగ్గరికి చేరింది. చేరిన రాత్రే రాణికి మగబిడ్డ పుట్టాడు.

మే 15న ఆ పన్నెండు వారాల పసివాడికి పద్ధతి ప్రకారం మూడు షరతులూ పాటించి పట్టం కట్టారు. పిల్లాణ్ణి ఎత్తుకున్నది కొట్టానెరే. గొంతు చించుకుని ఏడ్చాడని, పట్టాభిషేకం వాడికేమీ సంతోషంగా లేదని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. మధ్యయుగపు యూరప్‌లో ఒక స్త్రీ రాసిన స్వీయకథలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకటి ఇలా కిరీటం దొంగతనం మీద నడుస్తుంది.

పెద్దలు ఊరుకున్నారా? రెండు నెలల తర్వాత పోలండ్ రాజుకే ఇంకో కిరీటం పెట్టారు. ఆ సందర్భంలో వాళ్లొక మాట ప్రకటించారు: కిరీటానికి బలం రాజ్యంలోని వాళ్ల ఒప్పుదల వల్లే వస్తుంది, కాబట్టి ఈ కొత్త కిరీటం కూడా చెల్లుతుంది. వినడానికి చాలా ఆధునికంగా ఉంది. కానీ ఆ మాట వాళ్లే పూర్తిగా నమ్మినట్టు లేదు. ఈలోపు రాణి డబ్బు కోసం అసలు కిరీటాన్ని ఆస్ట్రియా పాలకుడు ఫ్రెడరిక్ దగ్గర తాకట్టు పెట్టింది. పాతికేళ్లు కూడా తిరక్కముందే హంగరీ రాజు మాత్యాష్ 80,000 బంగారు నాణేలు పోసి దాన్ని విడిపించుకుని, 1464లో దానితోనే పట్టం కట్టించుకున్నాడు. ఒరిజినల్ కాగితం అవతలివాడి బీరువాలో ఉంటే నిద్ర పట్టదు మరి.

18వ శతాబ్దంలో రెండో జోసెఫ్ ఈ తంతే వద్దనుకున్నాడు. వియన్నా నుంచి హంగరీని కూడా ఏలిన, సంస్కరణలంటే మోజున్న చక్రవర్తి ఆయన. కిరీటం పెట్టుకోవాలంటే ముందు హంగరీ చట్టాలకు లోబడి ఉంటానని ప్రమాణం చేయాలి. ఆ బంధం లేకుండా పాలిద్దామని పట్టాభిషేకమే మానేసి, 1784లో కిరీటాన్ని మ్యూజియం వస్తువులా వియన్నాకు తెప్పించుకున్నాడు. హంగరీ వాళ్లు ఆయనకు ‘టోపీ రాజు’ అని పేరు పెట్టారు. కిరీటం లేక టోపీతో తిరిగేవాడని వాళ్ల అర్థం. తెలుగులో ఆ పేరుకు ఇంకో అర్థం కూడా వస్తుంది, అదీ కుదిరింది. చివరికి 1790లో మరణశయ్య మీద తన ఆజ్ఞల్లో చాలావాటిని రద్దు చేసి, కిరీటాన్ని వెనక్కి పంపాడు. బుడా పట్టణంలో పండగ చేసుకున్నారు.

కిరీటానికి పట్టిన ఈ పిచ్చి 20వ శతాబ్దంలోనూ వదల్లేదు. 1916 డిసెంబర్ 30న చివరి రాజుకు దాన్ని పెట్టారు. ఆయన పదవి పోయాక కూడా 1920 నుంచి 1944 దాకా హంగరీ రాజు లేని రాజ్యంగానే నడిచింది. కోర్టు తీర్పులు కిరీటం పేరు మీదే వెలువడ్డాయి. యజమాని లేడు, పట్టా మాత్రం బతికుంది. 1945లో కాపలావాళ్లు దాన్ని ఒక నూనె పీపాలో పెట్టి ఆస్ట్రియాలో పాతిపెట్టారు. అది అమెరికన్ సైన్యానికి చిక్కి, కొన్నాళ్లకు ఫోర్ట్ నాక్స్‌కి, అంటే అమెరికా తన బంగారం దాచుకునే చోటికి చేరింది. 1978 జనవరిలో కార్టర్ ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. ఇప్పుడు బుడాపెస్ట్ పార్లమెంటు భవనంలో ఉంది.

ఇంతా చేస్తే అది సెయింట్ స్టీఫెన్ పెట్టుకున్న కిరీటం కాదు. ఆయన 1038లో చనిపోయాడు. కిరీటం కింది భాగం మీదున్న బొమ్మల్లో బైజాంటియం చక్రవర్తి ఏడో మైకేల్, హంగరీ రాజు గేజా ఉన్నారు. ఇద్దరూ 1070ల వాళ్లు. పైనున్న సిలువ ఎప్పుడో దెబ్బ తిని పక్కకు ఒరిగిపోయింది. దాన్ని ఎవరూ నిటారు చేయలేదు. పైగా దేశపు రాజముద్ర మీద కూడా ఆ ఒరిగిన సిలువనే అచ్చంగా వేసుకున్నారు. పాత దస్తావేజు మీద నూనె మరక పడితే తుడవడానికి భయపడతాం కదా, అలాగే.

కిరీటం పెట్టడాన్ని తెలుగులో పట్టాభిషేకం అంటాం. ఈ ఒక్క మాటలో రెండు పనులున్నాయి. పట్టం నుదుటికి కట్టేది, అభిషేకం తల మీద పోసేది. ఎన్నికల్లో గెలిచినవాళ్లకు ఇప్పటికీ ‘ప్రజలు పట్టం కట్టారు’ అనే రాస్తాం. యూరప్ తంతులోనూ ఈ రెండూ ఉన్నాయి. అక్కడ అసలు బరువు రెండోదాని మీద ఉంది. సౌలుకు, దావీదుకు సమూయేలు తైలం పోయడం, సొలొమోనుకు సాదోకు పోయడం బైబిల్ పాత నిబంధనలో ఉన్నాయి. క్రైస్తవ రాజులు ఆ వరస పట్టుకున్నారు. ఫ్రాన్స్ రాజులకు రీమ్స్ నగరంలో ఒక చిన్న సీసా ఉండేది. అందులోని తైలం ఆకాశం నుంచి పావురం తెచ్చిందని నమ్మకం. రాజరికం మీద కసి తీర్చుకోవాలనుకున్న విప్లవకారులు 1793లో ఆ సీసాను నడివీధిలో పగలగొట్టారు. బంగారం కరిగిస్తే మళ్లీ చేయించుకోవచ్చు. తైలం ఒలికిపోతే ఏం చేస్తారు? దెబ్బ ఎక్కడ కొట్టాలో వాళ్లకు తెలుసు.

2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకాన్ని టీవీలో చూసినవాళ్లకు ఒక ఘట్టం గుర్తుండే ఉంటుంది. రాజు పైవస్త్రాలు తీసేసి తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. చుట్టూ మూడు వైపులా తెరలు కట్టారు. లోపల ఏం జరిగిందో కెమెరాకు చూపలేదు. 1953లో ఎలిజబెత్ రాణికి కూడా అంతే, కెమెరాలు పక్కకు తిప్పేశారు. జెరూసలేంలో పవిత్రపరిచిన ఒలీవ నూనెను వెండి చెంచాలో పోసుకుని ఆర్చ్‌బిషప్ రాజు చేతులకు, ఛాతీకి, తలకు పూశాడు. కిరీటం పెట్టడం ప్రపంచమంతా చూడొచ్చు, నూనె పూయడం మాత్రం చూడకూడదు. ఏది ముఖ్యమో ఆ తెరే చెబుతోంది.

ఆ చెంచా కథ కిరీటం కథ కన్నా బాగుంటుంది. 1649లో మొదటి చార్లెస్ తల నరికాక ఇంగ్లండ్ పార్లమెంటు రాజచిహ్నాలను కరిగించి అమ్మేసింది. 12వ శతాబ్దపు ఈ చెంచాను మాత్రం రాజుగారి సామాన్ల శాఖలో పనిచేసిన క్లెమెంట్ కిన్నర్స్‌లీ 16 షిల్లింగులకు కొనుక్కున్నాడు. రాజరికం తిరిగొచ్చాక రెండో చార్లెస్‌కు తిరిగి ఇచ్చేశాడు. పాత ఇంటి సామానులో మిగిలింది దాదాపు ఇదొక్కటే. ఇప్పుడు సెయింట్ ఎడ్వర్డ్ కిరీటమని చూపించేది 1661లో రాబర్ట్ వైనర్ అనే కంసాలి కొత్తగా చేసింది. 11వ శతాబ్దపు ఇంగ్లండ్ రాజు సెయింట్ ఎడ్వర్డ్ దాన్ని కళ్లతో చూడలేదు. కాలిపోయిన దస్తావేజుకు పాత తేదీ వేసి నకలు తీయించుకున్నారు, అంతే. మూడున్నర శతాబ్దాలుగా అదే చలామణీ అవుతోంది.

ఇంకా విచిత్రం ఏమిటంటే, 1911 దాకా ఆ కిరీటానికి సొంత రాళ్లు లేవు. పట్టాభిషేకం వచ్చినప్పుడల్లా రాళ్లు అద్దెకు తెచ్చి పొదిగి, పని అయ్యాక పీకి తిరిగి ఇచ్చేసేవారు. 1821లో నాలుగో జార్జ్ తన కోసం చేయించుకున్న వేరే కిరీటంలో 12 వేలకు పైగా వజ్రాలు పెట్టించాడు. అవీ అద్దెవే. మోజు తీరక కొన్నాళ్లు దగ్గర పెట్టుకున్నాడు. కొనడానికి డబ్బు రాలేదు, చివరికి షాపువాళ్లకు వెనక్కి వెళ్లాయి.

దీన్ని పెట్టుకోవడం కూడా అంత సుఖమైన పని కాదు. సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం రెండు కిలోల పైమాటే. విక్టోరియా దాన్ని పెట్టుకోలేదు. అపెండిసైటిస్ ఆపరేషన్ నుంచి అప్పుడే కోలుకుంటున్న ఏడో ఎడ్వర్డ్ కూడా 1902లో తేలికపాటి దానితో సరిపెట్టాడు. ఆరో జార్జ్‌కు 1937లో వేరే టెన్షన్: కిరీటం ముందు వెనకలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గుర్తుకోసం ముందు రాయి కింద ఎర్ర దారం కట్టించాడు. ఎవరో శుభ్రం చేస్తూ కాబోలు దాన్ని తీసేశారు. ఆర్చ్‌బిషప్ కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చివరికి పెట్టేశాడు. అది సరైన వైపే పెట్టారో లేదో తనకు ఎప్పటికీ తెలియలేదని రాజు రాసుకున్నాడు. ఇక వాళ్లు కూర్చునే కుర్చీ 1300 ప్రాంతపు ఓక్ చెక్కది. దాని వీపు నిండా వెస్ట్‌మినిస్టర్ స్కూలు పిల్లలు, సందర్శకులు చెక్కిన పేర్లే. ఒకడైతే 1800 జూలై 5 రాత్రి ఈ కుర్చీలో పడుకున్నానని తేదీతో సహా చెక్కాడు. గోల్కొండ గోడల మీద బాణం గుర్తులు చూసి తిట్టుకునేవాళ్లకు ఇదొక ఊరట.

కిరీటం ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నది ఇంకో తగాదా. చేయి ఎవరిదైతే ఇచ్చినవాడు ఆయనే. డెన్మార్క్‌లో 1660 తర్వాత రాజుకు అడ్డూ అదుపూ లేని అధికారం వచ్చింది. 1671లో ఐదో క్రిస్టియన్ కిరీటం తానే పెట్టుకుని చర్చిలోకి నడిచాడు. బిషప్‌కు మిగిలింది తైలం పూయడమే. 1804 డిసెంబర్ 2న నోత్రదామ్‌లో నెపోలియన్ చేసిందీ అదే. పోప్‌ను రోమ్ నుంచి పారిస్ దాకా రప్పించి, ఆయన చూస్తుండగా కిరీటం తానే తీసుకుని పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది మిలాన్‌లో లొంబార్డీ ఇనుప కిరీటాన్ని కూడా అలాగే తలకెత్తుకున్నాడు. క్రీస్తు సిలువకు కొట్టిన మేకుతో చేసిన కడ్డీ అందులో ఉందని నమ్మకం, అందుకే ఆ పేరు. 1993లో పరీక్షిస్తే ఆ కడ్డీ వెండిదని తేలింది.

రొమేనియా వాళ్లు ఈ వరసంతా పక్కన పెట్టి 1881లో తమ మొదటి రాజుకు ఉక్కు కిరీటం చేయించారు. ప్లెవ్నా యుద్ధంలో టర్కీ సైన్యం నుంచి పట్టుకున్న ఫిరంగిని కరిగించి పోశారు. రాజ్యం ఎక్కడి నుంచి వచ్చిందో లోహమే చెబుతుంది. యూరప్ మొత్తంలో ఇంత నిజాయితీ ఉన్న కిరీటం ఇంకోటి దొరకడం కష్టం.

మిగతా దేశాల్లో కథ త్వరగా ముగిసింది. స్వీడన్‌లో ఆఖరి పట్టాభిషేకం 1873లో. నార్వేలో 1906లో ఒకటి జరిగింది, రెండేళ్లకే రాజ్యాంగం నుంచి ఆ నిబంధన తీసేశారు. డెన్మార్క్‌లో 1849 రాజ్యాంగంతో ఆగిపోయింది. 2024 జనవరి 14న పదో ఫ్రెడరిక్ రాజైనప్పుడు ప్రధానమంత్రి బాల్కనీలో నిలబడి ప్రకటించింది, పని అయిపోయింది. స్పెయిన్‌లో 2014లో కిరీటాన్ని పార్లమెంటులో దిండు మీద పెట్టారు. బెల్జియం రాజుకు పెట్టుకుందామన్నా కిరీటం లేదు. ఒక్క బ్రిటన్‌లోనే ఇంకా తల మీద పెడుతున్నారు, అక్కడా అది లేకపోయినా చట్టానికి వచ్చే లోటేమీ లేదు. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో పట్టాభిషేకం లేకుండానే దాదాపు 11 నెలలు రాజుగా ఉండి దిగిపోయాడు.

తల నుంచి దిగాక కిరీటం మళ్లీ నగ అయిపోతుంది. నగకు దొంగల భయం. స్వీడన్‌లోని స్ట్రెంగ్‌నెస్ కెథెడ్రల్ నుంచి 2018లో పట్టపగలు రెండు కిరీటాలు, ఒక గోళం ఎత్తుకెళ్లి మోటారు బోటులో పారిపోయారు. అవి 17వ శతాబ్దపు రాజదంపతుల అంత్యక్రియల కోసం చేసినవి. కొన్ని నెలల తర్వాత స్టాక్‌హోమ్ దగ్గర ఒక చెత్త డబ్బా మీద దొరికాయి. 2025 అక్టోబర్ 19న పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కొద్ది నిమిషాల్లో దోపిడీ జరిగింది. దొంగలు పారిపోతూ 19వ శతాబ్దపు ఫ్రాన్స్ మహారాణి యూజెనీ కిరీటాన్ని కింద పడేశారు, అది నలిగిపోయింది. అదే గదిలో ఉన్న రీజెంట్ వజ్రాన్ని మాత్రం వాళ్లు తీసుకెళ్లలేదు.

ఆ రీజెంట్ మన కృష్ణా తీరపు రాయి. కొల్లూరు గనిదని కొందరు, పరిటాల గనిదని కొందరు అంటారు. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ 1702లో 48,000 వరహాలకు కొన్నాడు. 1717లో ఫ్రాన్స్‌కు అమ్మాడు. 1722లో పన్నెండేళ్ల పదిహేనో లూయీ కిరీటం ముందు భాగంలో అది మెరిసింది. కొన్నేళ్లకు ఆ కిరీటంలోని అసలు రాళ్లన్నీ తీసి గాజు నకళ్లు పొదిగారు. ఇప్పుడు గాజు రాళ్ల కిరీటం, దాన్నుంచి విడిపోయిన రీజెంట్ రెండూ లూవ్ర్ మ్యూజియానివే.

కోహినూర్ కూడా కొల్లూరుదేనని ఎక్కువమంది నమ్మకం. ఆనాటి రాతపూర్వక ఆధారం లేదు. అది ఇంగ్లండ్ చేరిన తీరుకు మాత్రం కాగితం ఉంది. 1849 లాహోర్ ఒప్పందంలో ఒక నిబంధన మొత్తం ఈ రాయి గురించే: లాహోర్ మహారాజా దీన్ని ఇంగ్లండ్ రాణికి అప్పగించాలి. మహారాజా దులీప్ సింగ్ వయసు అప్పటికి పదేళ్లు. ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగినా మైనరు సంతకం చెల్లదంటారు. 186 కేరట్ల రాయిని 1852లో మళ్లీ కోసి 105.6 కేరట్లకు తగ్గించారు. 1902లో, 1911లో, 1937లో వరసగా ముగ్గురు రాణుల కిరీటాల్లోకి మారింది. 2023లో మూడో చార్లెస్ భార్య కమిలా 1911 నాటి మేరీ రాణి కిరీటం పెట్టుకున్నప్పుడు, కోహినూర్ బదులు దక్షిణాఫ్రికాలో దొరికిన కలినన్ వజ్రపు ముక్కలు పొదిగించారు. వివాదం ఉన్న సర్వే నంబర్ జోలికి ఈసారి వెళ్లలేదు. కానీ కలినన్ మీద కూడా దక్షిణాఫ్రికాలో గొంతులు లేచాయి.

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చినప్పుడు గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. పల్నాడు జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. కోహినూర్ లండన్ టవర్‌లో 1937 నాటి కిరీటంలో ఉంది. ముఖ్యమైన కిరీటాల ముందు సందర్శకులు ఆగకుండా కదిలే నడకదారి పెట్టారు. ఫొటో తీయనివ్వరు. ఎక్కి నిలబడితే అదే మెల్లగా ముందుకు తీసుకెళ్లిపోతుంది. ఇంకోసారి చూడాలనిపిస్తే వెనక్కి నడిచొచ్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి.